రుజువు కనబడకపోతే దేవుడు లేనట్టేనా?

2027 జనగణనకు దేశం సిద్ధమవుతోంది. 2011 లెక్కల్లో మతం పేరు చెప్పనివారు సుమారు 29 లక్షల మంది. వారందరూ నాస్తికులని అనలేం. కానీ "దేవుడున్నాడనడానికి రుజువు లేదు, అందుకే నమ్మను" అనే మాట నేడు విశ్వాసుల ఇళ్లలోనే, మన యౌవనస్థుల నోటనే వినబడుతోంది. సంఘంగా మనం ఏమి జవాబిస్తున్నాం?

తరచుగా రెండు జవాబులు ఇస్తున్నాం. ఒకటి, ప్రశ్నించడమే పాపమని. రెండోది, "దేవుడు లేడని నువ్వు నిరూపించు" అని. మొదటిది జవాబే కాదు. రెండోది నిలబడదు. 1952లో తత్త్వవేత్త బెర్ట్రాండ్ రస్సెల్ ఒక పోలిక చెప్పాడు. భూమికీ అంగారకుడికీ మధ్య ఒక టీ కూజా సూర్యుని చుట్టూ తిరుగుతోందని, అది ఏ టెలిస్కోపుకూ అందనంత చిన్నదని ఎవరైనా అంటే, కాదని నిరూపించలేనంత మాత్రాన నమ్మాలా? అక్కరలేదు. ఈ మాటలో న్యాయం ఉంది, ఒప్పుకుందాం.

అయితే కనబడనిదంతా లేనిదేనా? ఖగోళ శాస్త్ర చరిత్రే దీనికి జవాబు చెబుతుంది. యురేనస్ నడకలో తేడా చూసి, దాని అవతల మరో గ్రహం ఉండాలని ఫ్రాన్స్ శాస్త్రవేత్త లెవెరియే లెక్కకట్టాడు. 1846లో నెప్ట్యూన్ దొరికింది. బుధుని నడకలోనూ తేడా ఉందని, సూర్యునికి దగ్గరలో ఇంకో గ్రహం ఉండవచ్చని 1859లో ఆయనే అన్నాడు. దానికి వల్కన్ అని పేరు కూడా పెట్టారు. ఏళ్ల తరబడి వెతికినా దొరకలేదు. 1915లో ఐన్‌స్టీన్ సిద్ధాంతం ఆ గ్రహం అవసరమే లేకుండా బుధుని నడకను వివరించింది. మనిషి ఒక్కడే, పద్ధతి ఒక్కటే, ఫలితాలు రెండు.

పొలంలో ఏనుగు ఉందంటే, చూసినప్పుడు కనబడకపోతే లేనట్టే. చీమ ఉందంటే ఒక్క చూపుతో లేదనలేం. కాబట్టి అడగవలసింది ఇది: దేవుడుంటే ఏమి కనబడాలి, ఎక్కడ కనబడాలి? ఆయన గ్రహాల్లో ఒక గ్రహం కాడు, సృష్టికర్త. టెలిస్కోపులో కనబడలేదని లేడనడం తొందరపాటే.

కానీ ఈ మాట చాటున మనం దాక్కోలేం. దేవుడు ప్రేమాస్వరూపి అని, ప్రార్థన ఆలకిస్తాడని, మనుషులను మారుస్తాడని ప్రకటించేది మనమే. అలాంటప్పుడు ఆ మార్పు ఏదని అడిగే హక్కు లోకానికి ఉంది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించిన గోరా అంటరానితనంపై పోరాడారు. మరి పెళ్లి సంబంధాల్లో కులం చూసే విశ్వాసుల ఇళ్లు లోకానికి ఏ రుజువు చూపిస్తున్నాయి? జరగని స్వస్థతలను జరిగినట్టు చెప్పే సాక్ష్యాలు ఏమి చేస్తున్నాయి? ఒక్క అబద్ధపు సాక్ష్యం బయటపడితే, పది నిజమైన సాక్ష్యాలను కూడా జనం నమ్మరు.

ఇక, ఎంతో ప్రార్థించినా తల్లిని పోగొట్టుకున్న బిడ్డ అడిగే ప్రశ్న వేరు. అది తర్కం కాదు, గాయం. దేవుడు ముఖం దాచుకున్నాడని మొరపెట్టిన భక్తుల కీర్తనలను లేఖనాలు తీసివేయలేదు, భద్రంగా దాచాయి. ఆ బిడ్డకు కావలసింది వాదన కాదు, పక్కన కూర్చునే మనిషి.

చూస్తేనే గాని నమ్మనన్న తోమా మాట మనకు తెలుసు. ఎనిమిది దినాల తరువాత అతడు ఎక్కడున్నాడో గమనించామా? శిష్యుల మధ్యనే, అదే ఇంటిలో ఉన్నాడు. వారు అతణ్ణి వెలివేయలేదు. ప్రభువు వచ్చి అతణ్ణి కలిసింది అక్కడే.

ప్రియ విశ్వాసులారా, ఈ ఆదివారం ప్రశ్నతో వచ్చే యౌవనస్థునికి మన మధ్య చోటుందా? అతడు జవాబు దొరికేదాకా కూర్చోగలిగే సంఘంగా మనం ఉందాం.