యాకూబ్ కూడా నలుగురిలో ఒకడే

2023 సెప్టెంబరు 29న నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైన హిందీ హాస్య ధారావాహిక 'చూనా'ను ఈ మధ్య కరీంనగర్‌లో, డిగ్రీ చదువుతున్న మనుమడితో కలిసి చూశాను. ఎనిమిది భాగాలు. అవినాశ్ శుక్లా అనే రాజకీయ నాయకుని చేతిలో దెబ్బతిన్న కొందరు ఏకమై అతని ధనం కాజేయడానికి పన్నాగం పన్నుతారు. 'చూనా లగానా' అంటే మన ఇళ్లలో తెలియనిదెవరికి? టోపీ పెట్టడమే.

ఆ బృందంలో యాకూబ్ అన్సారీ ఒకడు. ముస్లింను దొంగగా చూపారని నొచ్చుకునే మిత్రులు ఉంటారు. దొంగతనం హరామ్, అందులో నాకు రెండో మాట లేదు. అయినా వారితో ఏకీభవించలేను. మన పేరు వినబడగానే బాంబు గుర్తుకువచ్చేలా తీసిన చిత్రాలు ఎన్ని చూడలేదు! ఇక్కడ యాకూబ్ తక్కినవారితో పాటు నష్టపోయాడు, వారితో పాటే తప్పు చేస్తున్నాడు. మనకు దేవదూతల పాత్రలు అక్కరలేదు.

ఆదిలాబాద్ జిల్లాలో కొలువు చేసిన రోజుల్లో, దరఖాస్తుపై పేరు చదివి కాగితాన్ని కట్ట అడుగుకు నెట్టిన చేతులను చూశాను. ఆనాడు నేనూ నోరు మెదపలేదు. 2007 మే 18 నాటి మక్కా మసీదు పేలుడు తర్వాత నిర్బంధించిన ముస్లిం యువకులు ఎందరో నిర్దోషులుగా బయటపడ్డారు; అప్పటికే వారి చదువులు, ఉపాధి దెబ్బతిన్నాయి. నేరం కంటే ముందు పేరును చూసినందుకు వారు చెల్లించిన మూల్యమది.

మా మనుమడు మాత్రం యాకూబ్ పేరు ప్రస్తావన తేలేదు. "దాదా, వీళ్లు దొరికిపోతారంటారా?" అని మాత్రమే అడిగాడు.