21 రోజుల అమానతు

పార్వతీపురం నుంచి ఒక సోదరి మాకు రాసిన ఉత్తరంలో రెండు ప్రశ్నలు ఉన్నాయి. ఆమె పెరట్లో నాలుగు పొట్టి కోళ్లు తిరుగుతున్నాయట. వాటి గుడ్లను విద్యుత్తుతో నడిచే చిన్న పెట్టెలో పొదిగించడం ధర్మసమ్మతమేనా అన్నది మొదటి ప్రశ్న. పెట్టిన గుడ్లలో కొన్ని చచ్చిపోతే ఆ పాపం తనదవుతుందా అన్నది రెండవది.

మొదటిదానికి జవాబు చరిత్రలోనే ఉంది. క్రీ.శ. 1200 ప్రాంతంలో ఈజిప్టులో నివసించిన బగ్దాదు వైద్యుడు అబ్దుల్‌ లతీఫ్‌, అక్కడ గుడ్లను పొదిగించే కొలిమి గదులను ఎంతో శ్రద్ధతో వర్ణించాడు. ఆ దేశంలో తల్లికోడి కింద పిల్లలు పుట్టడమే అరుదని, పేడ మంట వేడితో పొదిగించడం కొందరికి వృత్తి అని రాశాడు. ఉష్ణమాపకాలు లేని కాలంలో ఆ పనివారు గుడ్డును కనురెప్పకు ఆనించి వేడిని అంచనా కట్టేవారు. ముస్లిం సమాజం మధ్య శతాబ్దాలపాటు సాగిన పని ఇది. పొట్టి కోళ్లకు ఆంగ్లంలో ఉన్న ‘బాంటమ్‌’ అనే పేరు కూడా జావా ద్వీపంలో ముస్లిం సుల్తానులు పాలించిన బాంటెన్‌ రేవు నుంచి వచ్చినదే. మన పందెపు కోడికున్న ‘అసీల్‌’ అనే పేరు అరబ్బీ మాట. మేలు జాతిది అని అర్థం. అంత చక్కని పేరు గల పక్షి కాలికి కత్తి కట్టి సంబరపడేవారిని చూస్తే మాకు జాలి వేస్తుంది.

రెండవ ప్రశ్న బరువైనది. ఒక ప్రయాణంలో ఎవరో చిన్న పక్షి గూటి నుంచి గుడ్డు తీయగా ఆ తల్లి రెక్కలు కొట్టుకుంటూ దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సమక్షానికి వచ్చింది. దాన్ని బాధపెట్టింది ఎవరని ఆయన విచారించి, దయతో ఆ గుడ్డును తిరిగి పెట్టించారు. ఈ సంఘటనను హజ్రత్‌ అబ్దుల్లాహ్‌ బిన్‌ మస్‌వూద్‌ (రజి) ఉల్లేఖించారు. పెంపుడు కోడి గుడ్డు మనకు ధర్మసమ్మతమైన ఆహారమే. దాన్ని తీసుకోవడంలో దోషం లేదు. కాని పిల్లను లేపుదామని సంకల్పించి గుడ్డును తల్లి నుంచి వేరు చేసిన క్షణం నుంచి తల్లి చేయవలసిన పని మన మెడకు చుట్టుకుంటుంది. పిల్లిని బంధించి, తిండి పెట్టక, వదలక చంపిన స్త్రీ శిక్షకు గురైందన్న హదీసు మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. పెట్టెలో ఉన్నది మూతపడిన పెంకు కదా అని దాన్ని వేరుగా చూడలేము. శక్తి మేరకు కనిపెట్టుకుని ఉన్నా చచ్చినవాటికి మనిషి బాధ్యుడు కాడు. అలక్ష్యం వల్ల చచ్చినవాటి సంగతి వేరు.

తల్లి చేసే పని ఎంతటిదో చూడండి. పొదుగుకు కూర్చున్న కోడి రోజుకు ఒకసారి, పావుగంటో ఇరవై నిమిషాలో మాత్రమే లేస్తుంది. మేత, నీరు, రెట్ట అన్నీ ఆ కాస్త వ్యవధిలోనే. మిగిలిన సమయమంతా గుడ్లను ముక్కుతో, కాళ్లతో కదుపుతూనే ఉంటుంది. కదపకుంటే లోపలి పిండం పొరకు అంటుకుపోతుంది. పెట్టెలో ఆ పనిని మనమే రోజుకు కనీసం మూడుసార్లు చేయాలి. ఫజ్ర్‌, అస్ర్‌, ఇషా నమాజుల తర్వాత అని పెట్టుకుంటే మరపు ఉండదు. గుడ్డుకు ఒకవైపు పెన్సిలుతో గుర్తు పెట్టుకోవాలి. పంకా ఉన్న పెట్టెలో వేడి 37.5 డిగ్రీల సెల్సియస్‌ వద్ద నిలకడగా ఉండాలి. 18వ రోజున తిప్పడం ఆపి, తడిని పెంచి, ఇక మూత తీయకూడదు. సాధారణ కోడిగుడ్డుకు 21 రోజులు పడితే, పొట్టి కోడి గుడ్లు తరచు 19, 20 రోజులకే చిట్లుతాయి. కాబట్టి తిప్పడం ఒకరోజు ముందే ఆపడం మేలు.

విద్యుత్తు పోతే కంగారు పడనక్కరలేదు. గాలి రంధ్రాలు మూయకుండా పెట్టెపై దుప్పటి కప్పితే, కొద్ది గంటల చల్లదనాన్ని పిండాలు ఓర్చుకుంటాయి. వాటికి అసలు ప్రమాదం అధిక వేడి. 40 డిగ్రీలు దాటి నిలిస్తే పిల్ల దక్కదు. అందుకే పెట్టెను ఎండ తగిలే గదిలో, రేకుల కప్పు కింద ఉంచరాదు.

పార్వతీపురం కొండల అంచున ఉన్నా వేసవిలో మైదానపు ఎండే కాస్తుంది. ఆ రోజుల్లో గుడ్డు పొదుగుకు పెట్టకముందే సగం చెడిపోతుంది. గది వేడికి పిండం కొంత కదిలి, చాలక ఆగి, చనిపోతుంది. అది తెలియక చాలామంది పుంజును నిందిస్తారు. తడి ఇసుక పోసిన మట్టిపాత్రపై, నీడలో, కొన కిందికి ఉండేలా గుడ్లను నిలబెట్టి, వారం లోపలే పొదుగుకు పెట్టాలి. మురికి గుడ్లను కడగరాదు. కడిగితే పెంకుపై ఉన్న రక్షణ పొర పోతుంది.

ఏడవ రోజు రాత్రి చీకట్లో గుడ్డు వెనుక దీపం పెట్టి చూడాలి. ఎర్రని నరాలు సాలెగూడులా పరచుకుని ఉంటే లోపల ప్రాణం ఉన్నట్టు. ఏమీ లేకుండా తేటగా ఉంటే అది గొడ్డు గుడ్డు. ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పవలసి ఉంది. అలా తీసిన గుడ్లను తాజావాటిలో కలిపి సంతలో అమ్మేవారున్నారు. వారం రోజులు వెచ్చగా ఉన్న గుడ్డును ఆ మాట చెప్పకుండా అమ్మడం మోసం. పైకి పొడిగా కనిపిస్తున్న ధాన్యపు రాశిలో చేయి పెట్టి, లోపలి తడిని పట్టుకుని, మోసగించేవాడు తనవాడు కాడని దైవప్రవక్త (స) హెచ్చరించింది ఇలాంటి బేరం గురించే. పిండం ఏర్పడి చనిపోయిన గుడ్డు తినడానికి నిషిద్ధం. దాన్ని కుక్కలు తవ్వనంత లోతులో పూడ్చాలి.

పిల్ల పెంకును పొడవడం మొదలుపెట్టాక పూర్తిగా బయటికి రావడానికి ఒక్కోసారి పగలూ రాత్రీ గడుస్తాయి. జాలిపడి పెంకు వలిచేవారి చేతుల్లోనే ఎక్కువ పిల్లలు చనిపోతాయి. పొరలోని నెత్తురు ఇంకా లోపలికి ఇంకి ఉండదు. మిగిలిన పచ్చసొనను కడుపులోకి తీసుకునే పిల్ల పుడుతుంది కనుక తొలి రోజు మేత లేకున్నా దానికి లోటు లేదు. ఆ కొద్దిపాటి ఆహారాన్ని కూడా ముందే అమర్చిన అల్లాహ్‌ ఏర్పాటు ముందు మన తొందర ఎందుకు?

ఇంతకీ ఆ సోదరికి మా సలహా ఏమిటంటే, నాలుగు పొట్టి కోళ్లున్న ఇంటికి పెట్టె అక్కరలేదు. పొట్టి కోడి అంత నిష్ఠగా పొదిగే పక్షి మరొకటి లేదు; తన గుడ్లు ఏడెనిమిదింటిని సునాయాసంగా కప్పుతుంది. గంపలో వరిగడ్డి పరచి, పిల్లి, ముంగిస చేరని మూల ఉంచితే చాలు. హైదరాబాదులోని రాజేంద్రనగర్‌ పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వంటి రకాలు పెంచేవారి సంగతి వేరు. ఆ కోళ్లు సాధారణంగా పొదుగుకు కూర్చోవు. వారికి నాటుకోడి అయినా ఉండాలి, పెట్టె అయినా ఉండాలి.

పిల్లలు లేచిన వారం లోపల కొక్కెర తెగులు టీకా చుక్కను కంట్లో వేయించాలి. ఆ మందు సీసా ఒకటి వంద పిల్లలకు సరిపోతుంది, మూత తీశాక కొద్ది గంటలే పనిచేస్తుంది. కనుక వీధిలోని ఇరుగుపొరుగు వారంతా, వారు ఏ మతస్థులైనా సరే, మాట్లాడుకుని ఒకే వారంలో కోళ్లను పొదుగుకు పెట్టుకుంటే ఒక సీసాతో అందరి పిల్లలకూ టీకా పడుతుంది. పశువైద్యశాలకు ఎవరో ఒకరు వెళ్లివస్తే చాలు.