వాతావరణ పాఠంలో బాలిక

1991 ఏప్రిల్ 29 రాత్రి బంగ్లాదేశ్ తీరాన్ని తాకిన పెను తుపానులో దాదాపు 1,40,000 మంది మృత్యువాత పడ్డారు. 20-44 ఏళ్ల స్త్రీలలో వేయికి 71 మంది, అదే వయసు పురుషులలో 15 మంది మరణించినట్లు అనంతర లెక్కలు తేల్చాయి. గాలికి ఆడా మగా భేదం లేదు. హెచ్చరిక బజారులోని మగవారి చెవిన పడింది. ఇంటనున్న ఇల్లాలికి సకాలంలో చేరలేదు. చేరినా ఒంటరిగా గడప దాటే అలవాటు లేదు, ఈత అసలే రాదు.

పిల్లలకు వాతావరణ శాస్త్రం బోధించదలచినవారు ఈ లెక్కను విస్మరించరాదు. అదే దేశంలో వాస్తుశిల్పి మహమ్మద్ రెజ్వాన్ 1998లో నెలకొల్పిన శిధులాయి స్వనిర్భర్ సంస్థ 2002 నుంచి పడవలనే బడులుగా నడుపుతోంది. పడవ రేవు రేవునా ఆగి పిల్లలను ఎక్కించుకుంటుంది. దూరమన్న నెపంతో ఆడపిల్లలను చదువు మాన్పించే తల్లిదండ్రులకు ఆ సాకు మిగలలేదు. వరద అంటే ఏమిటో అక్కడ నల్లబల్లపై గీసి చూపనక్కరలేదు.

పర్యావరణ విద్యను తప్పనిసరి పాఠ్యాంశం చేయాలని మన సుప్రీంకోర్టు 1991 నవంబరులోనే ఆదేశించింది. అమలు కోసం 2003లో మళ్లీ చెప్పవలసి రావడం విచారకరం. పాఠం పుస్తకంలో చేరినా, ఉష్ణమాపకం అబ్బాయి చేతిలోను, నీళ్ల బిందె అమ్మాయి నెత్తిన ఉండే బొమ్మలే వేస్తూ పోతే ప్రయోజనమేమిటి? వర్షమాపకంలో నీటిమట్టం చదివే పని, తుపాను సంకేతాల అర్థాన్ని ఇంటికి వెళ్లి తల్లికి వివరించే పని బాలికకూ అప్పగించాలి.