పెంపుడు జంతువులకు కలిపి యిచ్చు మందులు

పిల్లి నోట మాత్ర వేయబోయి చేతులు గీరించుకొనినవారికి కాంపౌండరు విలువ వేఱుగ చెప్పనక్కఱలేదు. బజారున దొరకు మాత్రలలో పెక్కు మనుష్యుల తూకమునకు చేసినవి. మూడు నాలుగు కిలోల జంతువునకు అందు పదవవంతు సైతము ఎక్కువ కావచ్చును. అట్టి తరుణమున పశువైద్యుని చీటీ ననుసరించి మందును తగు మోతాదునకు తగ్గించి, చేప రుచిగల ద్రవముగనో, చెవి లోపలి చర్మమునకు పూయు లేపనముగనో కలిపి యిచ్చుచున్నారు. అనుపానము మార్చి మందిచ్చు మన వైద్యుల నెఱిగిన పాఠకులకు ఇది వింతగ తోపదు.

అమెరికాలో సిసాప్రైడ్ అను మందు మనుష్యుల గుండెకు కీడు చేయుచున్నదని 2000 సంవత్సరమున బజారునుండి తొలగింపబడెను. అయినను తీఱని మలబద్ధముతో బాధపడు పిల్లులకు అది నేటికిని అక్కఱకు వచ్చుచున్నది. కలిపి యిచ్చు మందులషాపులే దానికి ఆధారము. ఈ పద్ధతినే మాన్పవలయు ననువారితో మేము ఏకీభవింపజాలము.

అయితే 2009 ఏప్రిలులో ఫ్లారిడా రాష్ట్రమున జరిగినదానిని మఱువరాదు. పోలో ఆటకు సిద్ధపఱచిన 21 గుఱ్ఱములు ఇంచుమించు ఒక్కనాటిలో కూలిపోయినవి. వాటికై ప్రత్యేకముగ కలిపించిన పుష్టిమందులో సెలీనియము మితిమీరి యుండుటయే కారణమని తేలినది. అణుమాత్రముగ దేహమునకు కావలసిన పదార్థమే అది! కార్ఖానా మందునకు విడుదలకు ముందు జరుగు పరీక్షలన్నియు గల్లాబల్ల వెనుక కలిపిన సీసాకు జరుగవు. మనుష్యుల సిరపులలో తీపికై వేయు జైలిటాలు కుక్క రక్తములోని చక్కెరను పడగొట్టి, కాలేయమును చెఱచి, ప్రాణము తీయగలదు. వైద్యుని చీటీలో ఆ పేరుండదు. కలుపువాడే ఎఱిగి యుండవలయును. మనుష్యుల మందులు మాత్రమే చదివినవానికి అది తెలియునా యని యడుగు హక్కు యజమానునకు కలదు.

ఆమోదము పొందిన మందు సరిపడుచుండగా, చవుక యని దాని నకలును కలిపించుకొను వాడుక గలదు. దీనిని మేము సమర్థింపము. 2022లో అమెరికా ఆహారౌషధ శాఖ ప్రకటించిన మార్గదర్శక పత్రము కూడ ఇట్టి నకళ్లను శంకించినది. ఒక జంతువునకు, ఒక చీటీకి, వేఱు దారి లేనప్పుడు మాత్రమే కలుపుట న్యాయము.

పాడిపశువుల సంగతి వేఱు. వాటి దేహమున మిగిలిన మందు పాలద్వారా మన బిడ్డల కడుపున చేరును. విషమునకు విరుగుడు వంటి కొన్నిటికి దప్ప, వాటికి ముడి ఔషధమునుండి కలుపుటకు ఆ శాఖ సమ్మతింపలేదు.