అగ్గిపెట్టె బొమ్మలు

ఈ సంవత్సరము మా యొద్దకు వచ్చిన తలిదండ్రులలో నలుగురైదుగురు ఒకే ఫిర్యాదు చేసిరి. పిల్లలు టీ అంగళ్ల ముందును, బస్సు నిలయమునందును పడియున్న ఖాళీ అగ్గిపెట్టెలను ఏరి తెచ్చి, వాని పైబొమ్మలను కత్తిరించి నోటుపుస్తకములలో అంటించుచున్నారట. ఇంటినిండ చెత్త పేరుకొనుచున్నదట. ఇదంతయు తెలుగు అయ్యవారు నేర్పిన విద్యయేనట. నేర్పినది మేమే. మానిపించు ఉద్దేశము మాకు లేదు. ఎందుకు లేదో ఈ పత్రికాముఖమున విన్నవించుకొనుట మా విధి.

మేమును ఈ హోసూరు ప్రాంతమున పుట్టి పెరిగినవారమే. గత వేసవిలో మా పాత ఇంటి పైకప్పు బాగుచేయించుటకై అటక ఖాళీ చేయుచుండగా, ఒక రేకుపెట్టె అడుగున మా తాతగారి చిల్లర అంగడి పద్దుపుస్తకము దొరకెను. సగము వరకు వారి పద్దులు. తక్కిన సగము మా అగ్గిపెట్టె బొమ్మలు. 1990 మొదలు మూడు నాలుగేండ్లు మేము కూర్చినవి. లెక్కింపగా 183 తేలినవి. అన్నపు మెతుకులతో అంటించినవి కావున కొన్నిటిని పురుగు తొలిచివేసినది. ప్రతి బొమ్మ క్రిందను దాని పేరు, దొరకిన చోటు, ఇచ్చినవారెవరో పెన్సిలుతో వ్రాసియున్నది. ముప్పది యేండ్లుగా ఆ పుస్తకమును మేము తలచుకొనలేదు. ఆ మధ్యాహ్నము పైకప్పు పని సాగలేదని వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ దినములలో ఈ బొమ్మలకు మా నేస్తుల నడుమ ఒక మారకపు ధర యుండెడిది. ఓడ బొమ్మ అందరియొద్దను ఉండుటచే దానికి విలువ లేదు. మనిషి చిరుతపులితో కలియబడు బొమ్మయు మా వైపు విరివిగానే దొరకెడిది. హోసూరు బెంగుళూరు నుండి కృష్ణగిరికి పోవు రాజమార్గము మీది ఊరు. 1970 దశకమున సిప్‌కాట్ పారిశ్రామిక వాడ ఏర్పడిన పిమ్మట ఎక్కడెక్కడి పనివారో ఇచ్చటికి చేరిరి. లారీలు ఆగెడి చోట ఉత్తరాది డ్రైవరు పారవైచిన పెట్టె యొకటి దొరకినచో అది మాకు నిధి. నాగరి అక్షరములున్న బొమ్మ నిచ్చినవానికి పది ఓడలు ఇయ్యవలెను. ఈ ధరలు ఎవరు నిర్ణయించిరో ఎవరికిని తెలియదు, తప్పినవాడును లేడు. పెట్టెలలో చాలవరకు అప్పుడు పలుచని చెక్కపొరతో చేసినవి. పైన నీలి కాగితము, దానిపై బొమ్మ చీటి. పెట్టెను గిన్నెడు నీటిలో నానవైచి, చీటిని చినుగకుండ ఊడదీసి, పలకపై ఆరబెట్టుట ఒక నేర్పు. తొందరపడినవానికి బొమ్మ రెండు ముక్కలగును.

ఆ పుటలను మరల తిరుగవేయుచుండగా చిన్ననాడు తోచని సంగతి యొకటి మాకు తోచినది. ఈ బొమ్మలు అలంకారమునకు పుట్టినవి కావు. చదువురానివాడు అంగడిలో అడుగుటకై పుట్టినవి. అగ్గిపెట్టెలు మన దేశమునకు మొదట స్వీడన్, జపాను మొదలగు దేశముల నుండి ఓడలలో వచ్చెడివి. ఆ దేశములవారు మన దేవతల బొమ్మలను అచ్చువేసి పంపెడివారు. 1920 దశకపు తొలియేండ్లలో శివకాశి నుండి పి. అయ్యనాడార్, ఎ. షణ్ముగ నాడార్ అను ఇరువురు కలకత్తా పోయి, అగ్గిపెట్టెల తయారీ నేర్చి వచ్చి, స్వస్థలమున ఆ పరిశ్రమను నెలకొల్పిరి. అది వాన తక్కువ నేల, సేద్యము అంతంతమాత్రము. పొడి గాలి ఈ పనికి మేలే చేసినది. పెట్టెలకు చీట్లు కావలసి అచ్చుయంత్రములు వచ్చెను. ఆ యంత్రములే పిదప దేశమంతటికిని క్యాలెండర్లు అచ్చువేయ మొదలిడెను. సాత్తూరు, కోవిల్పట్టి, మనకు కొంత చేరువగా గుడియాత్తము, ఇవియు ఈ పనికి పేరొందిన ఊళ్లే.

అచ్చట తయారైన పెట్టె ఏ భాషవాని చేతిలో పడునో చేసినవానికి తెలియదు. అందుచేత చిలుకను అచ్చువేసెను. మన ఊరి అంగడిలో తెలుగువారు చిలుక యందురు, తమిళులు కిళి యందురు, కన్నడిగులు గిళి యందురు. అంగడివాడు ముగ్గురికిని ఒకే పెట్టె నందించును. ఆ పెట్టెకు సైతము ఇచ్చట పేర్లు పెక్కు. తీప్పెట్టి, బెంకిపొట్టణము, అగ్గిపెట్టె. మా ఇంట వత్తిపెట్టె యనెడివారు. పండిత శిక్షణకై మేము పొరుగు రాష్ట్రమునకు పోయినపుడు ఆ మాట విని సహాధ్యాయులు నవ్విరి. నవ్వినవారికి ఒక భాష నడుమ బ్రదుకుట తెలియును గాని నాలుగింటి నడుమ బ్రదుకుట తెలియదు. మేము అగ్గిపెట్టెను నేర్చితిమి, వత్తిపెట్టెను విడువలేదు.

ఇక మన పిల్లల సంగతి. ఆ పద్దుపుస్తకమును ఎనిమిదవ తరగతికి కొనిపోయి, బొమ్మలలో ఇరువదింటిని చూపి, వాని పేర్లు తెలుగున వ్రాయుడంటిమి. చిలుక, లేడి, ఏనుగు, తామర అందరును వ్రాసిరి. తాళపుచెవి క్రింద చాలమంది 'కీ' యని వ్రాసిరి. దీపపు సెమ్మె 'కుత్తువిళక్కు' అయినది. కోడిపుంజు కొందరికి 'సేవల్'. నాగలి పేరు ఆరుగురు వ్రాసిరి. దానిలో మేడి యేది, కర్రు యేది యని అడుగగా ఇద్దరు మిగిలిరి. ఈ పిల్లలు మందబుద్ధులు కారు. తమిళము చక్కగా చదువుదురు. ఆంగ్లపు మాటకు వెదకుకొనరు. ప్రబంధ పద్యమునకు ప్రతిపదార్థము తడబడక చెప్పుదురు. ఇంటిలోని వస్తువునకు మాత్రము వారియొద్ద తెలుగు మాట లేదు. పాఠ్యపుస్తకము దానిని చెప్పదు, ఇంటివారు చెప్పుట మానిరి.

మరునాటికి ఎడ్లబండి బొమ్మ నొకదానినిచ్చి, బండి భాగముల పేర్లు ఇంట పెద్దలనడిగి రండని పంపితిమి. ఒక బాలిక రెండు పుటలు నింపి తెచ్చినది. కాడి, నొగ, ఇరుసు, కుండ, ఆకులు, చీల, ఇంకను ఎన్నో. "అయ్యవారూ, మా తాత ఇంతసేపు మాట్లాడింది నేనెప్పుడూ చూడలేదు" అని ఆ పిల్ల యనినది. ఆ ముసలాయన చెప్పినవానిలో మేమును ఎన్నడు వినని మాటలు కలవు. నిఘంటువు తీసి వెదకితిమి. కొన్ని దొరకినవి, కొన్ని దొరకలేదు. దొరకనివానిని ఎఱ్ఱసిరాతో కొట్టివేయక, ఆ బాలిక వ్రాసినట్లే పాఠశాల పుస్తకమున ఎక్కించితిమి. అట్టి తాతలు మన ఊళ్లలో ఇంకను ఉన్నారు. పదియేండ్లకు ఎందరుందురో మనకు తెలియదు. వీథిలో పడిన పెట్టె కారణముగా ఒక మనుమరాలు ఒక తాత ప్రక్కన ఒక సాయంకాలము కూర్చున్నది. ఇంతకంటె తక్కువ వ్యయముతో ఆ పని జరుగు ఉపాయము మాకు కనబడలేదు.

ఇది మా కల్పన యని యెవరైన తలతురేమో. అగ్గిపెట్టెలకు పేరొందిన ఆ కోవిల్పట్టి చెంతనే, ఇడైసేవల్ గ్రామమున, కి. రాజనారాయణన్ అను రచయిత పుట్టెను. ఇంట మాటలాడినది తెలుగు, వ్రాసినది తమిళము. తెలుగువారు ఆ నల్లరేగడి సీమకు వలసవచ్చిన కథను నవలగా వ్రాసెను, 1991లో సాహిత్య అకాడమి బహుమానమందెను, 2021లో కన్నుమూసెను. ఆయన ఆ సీమ పల్లెజనుల మాటలను ఏరి కూర్చి ఒక నిఘంటువునే తయారుచేసెను. తమిళమునకు మన తెలుగింటి బిడ్డ చేసిన ఆ సేవను మన తెలుగు మాటలకు మన పిల్లలు నోటుపుస్తకములలోనైన చేయరాదా?

కొందరు తలిదండ్రులు "అంత ఇష్టమైతే మంచి కార్డులే కొనిపెడతాము గదా" అనుచున్నారు. వారి వాత్సల్యమును మేము కాదనము. కాని ఆ కార్డుల తీరు వేరు. సీలు చేసిన పొట్లములో ఏమున్నదో కొనువానికి తెలియదు. కోరినది రాకున్న మరియొక పొట్లము. మా కాలమునను బబుల్‌గమ్‌తోపాటు పరుగులు, వికెట్లు అచ్చువేసిన క్రికెట్ చీట్లు వచ్చెడివి. వానికై పండ్లు పాడుచేసికొన్నవారిని మేమెరుగుదుము. ఈ వ్యాపారము అమెరికాలో వర్ధిల్లినది. అచ్చట పందొమ్మిదవ శతాబ్దము చివర సిగరెట్టు పెట్టెలలోను, తరువాత చూయింగ్‌గమ్ పొట్లములలోను ఆటగాండ్ర కార్డులు పెట్టి అమ్మిరి. మొదట బేస్‌బాల్, పిదప బాస్కెట్‌బాల్. 2020లో మహమ్మారి వేళ ఇండ్లలో చిక్కుకొనిన పెద్దలు తమ చిన్ననాటి కార్డుల పెట్టెలను వెలికి తీసిరి, ధరలు ఆకాశమునంటెను. 1952 నాటి బేస్‌బాల్ ఆటగాడు మికీ మాంటిల్ కార్డు ఒకటి 2022లో 1 కోటి 26 లక్షల డాలర్లకు వేలమున అమ్ముడుపోయెను. చిన్ననాటి పెట్టె తెరచినవాడు మొదట సంతసించును. ఆ పిమ్మట ధరల పట్టిక చూచును. చివరకు కార్డును ప్లాస్టిక్ పలకలో బిగించి తాకుటయే మానును. మా 183 బొమ్మలకు ఆ గండము లేదు. అన్నియు కలిపి యిచ్చినను మన ఊరిలో ఎవరును ఒక కాఫీ యిప్పింపరు. (అగ్గిపెట్టె బొమ్మలు కూర్చువారు అన్ని దేశములందును కలరు. ఆ విద్యకు 1943లో మార్జొరీ ఎవాన్స్ అను ఇంగ్లీషు వనిత ఫిల్యూమెనీ యని పేరు పెట్టినది. మన పిల్లలకు ఆ పేరు మహాసరదా.)

ఈ బొమ్మల అందము చెప్పి, అవి వచ్చిన త్రోవను దాచుట న్యాయము కాదు. మేము నీటిలో ఊడదీసిన చీట్లను పెట్టెలపై అంటించిన చేతులెవరివి? ఆనాడు శివకాశి ప్రాంతమున పుల్లలు నింపుట, చీట్లంటించుట వంటి పనులలో వేలకొలది పిల్లలుండిరి. మా యీడు బిడ్డ అంటించిన చీటినే మేము ఊడదీసియుందుము. 1986లో బాలకార్మికుల చట్టము వచ్చెను. శివకాశి పిల్లలను గూర్చి న్యాయవాది ఎం. సి. మెహతా వేసిన వ్యాజ్యమున 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, చట్టవిరుద్ధముగా పనిలో పెట్టుకొనిన ఒక్కొక్క బిడ్డకు యజమాని 20,000 రూపాయలు చెల్లింపవలెనని ఆదేశించెను. ఇంటివారికి తోడ్పడుట వంటి కొన్ని మినహాయింపులు తప్ప, 14 ఏండ్ల లోపు పిల్లలను ఏ పనిలోను పెట్టరాదని 2016లో చట్టమును సవరించిరి. ఈ సంగతులను తరగతిలో దాచక చెప్పితిమి. ఒక బాలుడు తన పుస్తకపు మొదటి పుటలో "వీటిని అంటించినవారి పేర్లు తెలియవు" అని వ్రాసికొనెను. అది మేము చెప్పి వ్రాయించినది కాదు.

తలిదండ్రుల భయములలో న్యాయమైనవి లేకపోలేదు. మురికి కాలువలో పడినదానిని ముట్టరాదనియు, పుల్ల యొక్కటి మిగిలియున్నను ఆ పెట్టెను పెద్దల చేతికే యియ్యవలెననియు, బొమ్మకై డబ్బు పెట్టి పెట్టె కొనరాదనియు కట్టడి చేసితిమి. మూడవదానిని అతిక్రమించినవాని పుస్తకమును ఒక వారము మేమే దాచుదుము. పరీక్షల నెలలో అందరి పుస్తకములును మా బీరువాలోనే యుండును. చదువు చెడునను మాటకు ఇంతకంటె సమాధానము చెప్పలేము. ఆ ఎడ్లబండి బాలిక తెలుగు వ్యాసము నడిగి చదువుకొనుడు.

అగ్గిపెట్టె మాత్రము మనతో ఎంతకాలముండునో. 2007 నుండి రూపాయిగా నున్న పెట్టె 2021 డిసెంబరు 1 నుండి రెండు రూపాయలైనది. గ్యాసు పొయ్యికి లైటరు వచ్చినది, జేబులలోనికి చౌక లైటరు వచ్చినది. 20 రూపాయల లోపు సిగరెట్టు లైటర్ల దిగుమతిని కేంద్రప్రభుత్వము 2023 జూన్‌లో నిషేధించినది గాని, పోయిన గిరాకి ఎంతవరకు తిరిగివచ్చునో చూడవలెను. మన పిల్లలు తెచ్చుచున్న పెట్టెలలో చీటి అంటించినది ఒక్కటియు లేదు. బొమ్మను అట్టపైననే అచ్చువేయుచున్నారు. నీటిలో నానబెట్టెడి ఆ నేర్పును వారికి చూపుటకు మాకు పాత పెట్టె యొకటి కావలసియున్నది.

మరియొక కోరికయు కలదు. మా 183 బొమ్మలలో తెలుగక్షరములున్నవి 9. ఎనిమిదవ తరగతివారు ఇంతవరకు కూర్చిన 240లో అట్టిది ఒక్కటి. పాత వంటింటి గూళ్లలోను, పూజగదులలోను, పెద్దల రేకుపెట్టెలలోను అట్టివి ఉన్నచో పిల్లల చేతికిచ్చి పంపగోరుచున్నాము. చిరిగినను సరియే. ఏ ఊరిలో, ఎవరి అంగడిలో కొన్నదో జ్ఞాపకమున్నంత వరకు ఒక కాగితముపై తెలుగున వ్రాసి జతపరచుడు. తెలుగు మాటలాడుటయే గాని వ్రాయుట అలవడని తలిదండ్రులు మనలో పలువురు కలరు. వారు నోట చెప్పినచో పిల్లలు వ్రాసికొని వత్తురు.