శుభలేఖయు సీసపు టక్షరములును

మన జిల్లాలలో గ్రంథము నచ్చువేయించిన గృహస్థులు మిక్కిలి కొలదిమంది. పద్యము వ్రాసి పత్రికకు పంపినవారు వారికంటె కొంచెము హెచ్చు. కాని బిడ్డ పెండ్లికి శుభలేఖ వేయింపని గృహస్థుడు నేడు నల్లగొండలోగాని మహబూబ్‌నగరములోగాని అరుదు. జన్మములో నొకటి రెండు పర్యాయములు ప్రతి కుటుంబమును ప్రకాశకుల స్థానము వహించుచున్నది. తన పేరును, తన యూరి పేరును, తన భాషను అచ్చులో నిలిపి వందలమంది చేతుల కందించుచున్నది. ఈ పనిని మనమెంత శ్రద్ధతో చేయుచున్నాము? ప్రశ్న చిన్నదిగా తోచవచ్చును. కాని దీనితో మన ఊళ్ల తెలుగచ్చు బ్రతుకు ముడివడియున్నదని మా యభిప్రాయము.

ఈ సీమలో తెలుగచ్చు అప్రయత్నముగా వచ్చినది కాదు. నిజాము ప్రభుత్వమున కచ్చేరీల భాష ఉర్దూ. తెలుగు ఇంటి మాటగా మాత్రమే మిగిలియుండెను. 1921లో హైదరాబాదు సభలో ఒక వక్త తెలుగున మాటాడబోగా శ్రోతలు గేలిచేసిరి. ఆ పరాభవమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. అంతకు పూర్వమే, 1913లో, మహబూబ్‌నగరమునుండి ‘హితబోధిని’ వెలువడెను. 1922లో షబ్నవీసు వెంకటరామనరసింహారావుగారు నల్లగొండనుండి ‘నీలగిరి పత్రిక’ను వారపత్రికగా నడపిరి. పాలమూరు సీమ బిడ్డయగు సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో హైదరాబాదున ‘గోలకొండ పత్రిక’ను స్థాపించిరి. తెలుగు టైపు కేసు మన పట్టణములకు వచ్చుట యనగా నొక భాషకు నడివీధిలో నిలుచు హక్కు వచ్చుట.

అయితే ఒక మాట మఱవరాదు. చిన్న పట్టణపు అచ్చుకూటమును పోషించునది పత్రికయు గాదు, గ్రంథమును గాదు. కరపత్రములు, రసీదు పుస్తకములు, అన్నిటికంటె ముఖ్యముగా పెండ్లిండ్ల కాలపు శుభలేఖలు, ఇవియే దాని కూలి, కిరాయి, సిరా ఖర్చులను తీర్చునవి. మాఘ, ఫాల్గుణ, వైశాఖ మాసములలో రాత్రి ప్రొద్దుపోవువఱకు ట్రెడిలు చప్పుడు వినబడిన సందులను నడివయస్సు దాటిన పాఠకులెల్లరు నెఱుగుదురు.

ఆ పని యెట్టిదో నేటి యువకులకు తెలియజెప్పుట యవసరము. ఆంగ్లపు కేసులో పెద్దవి చిన్నవి కలిపి ఏబదిరెండక్షరములు, కొన్ని గుర్తులు నున్న చాలును. తెలుగు కంపోజిటరు ముందు గుణింతములతో, వత్తులతో కొన్ని వందల గళ్లుండును. అతడు ఎడమచేతిలో స్టిక్కు పట్టుకొని, తలక్రిందులుగా నున్న అక్షరములను కుడిచేత నేరి పేర్చును. ‘లక్ష్మి’ యను రెండక్షరముల పేరునకు సైతము ‘క్ష్మి’ క్రింద మకారపు వత్తును సరిగా నమర్పవలెను. పేర్చిన పంక్తులను గేలీకెక్కించి, ప్రూఫు తీసి, దిద్ది, ఇనుప చట్రములో బిగించి యంత్రమునకు తగిలింతురు. ఆంగ్లేయుల కొలతలో అక్షరపు టెత్తు అంగుళమును వేయి పాళ్లు చేసిన 918 పాళ్లు. ఏ యక్షరమైన వెండ్రుకవాసి అరిగినచో అది కాగితముపై వెలవెలబోవును. అపుడు దాని కెదురుగా, ఒత్తు పలకపై, పలుచని కాగితపు ముక్క నంటించి సరిచేయుదురు. పసుపుపచ్చ గణపతి బ్లాకునకు ఒక ముద్ర, ఎఱ్ఱని యక్షరములకు ఇంకొక ముద్ర. రంగు కొకసారి చొప్పున ప్రతి కార్డును చేత నుంచి చేత తీయవలెను. ఇన్నూఱు శుభలేఖలన్న నన్నూఱు సారులు చేయి పోయి వచ్చుట.

ఈ విద్య యిపుడేమైనది? ఆఫ్‌సెటు యంత్రములు, వాటి వెంట కంప్యూటరు వచ్చెను. శివకాశిలోను హైదరాబాదులోను గుట్టలుగా తయారగు రంగు కార్డులను కట్టలుగా తెచ్చి, మన యూరి దుకాణములో పేర్లను తేదీని మాత్రము అచ్చొత్తి యిచ్చుట వాడుకయైనది. సీసము, తగరము, అంటిమొని కలిపి పోతపోసిన టైపును తూకమున కమ్మివేసిన అచ్చుకూటములు పెక్కు. ఛత్తా బజారులో ఉర్దూ పెండ్లి రుఖాలను స్వహస్తముతో వ్రాయుచుండిన కాతిబులకును ఇదే గతి పట్టినది. కంప్యూటరు లిపి వచ్చిన పిదప వారి కలములకు పని తగ్గిపోయెను. తెలుగు కంపోజిటరును ఉర్దూ కాతిబును ఒకే గాలికి పడిన రెండు చెట్లు.

యంత్రము మారుట తప్పని మేమనము. ఎద్దుబండిపై తరలుడని పెండ్లివారికి బోధించుటయు మా యుద్దేశము గాదు. మా విచారమెల్ల, యంత్రముతో కూడ బాధ్యతయు జాఱిపోయినందులకు. కంపోజిటరు అక్షరమక్షరమును తాకెడివాడు గనుక తప్పును పట్టెడివాడు. ఇపుడు ఒక పాత మాదిరిని తెఱచి పేర్లు మార్చి అచ్చొత్తుదురు. ఒక కంప్యూటరులో కూర్చిన తెలుగు వేఱొకదాని కెక్కినపుడు వత్తులు తొలగి, గుణింతములు చెదరి వచ్చుట మన మెఱుగనిది కాదు. యూనికోడులో తెలుగునకు 1991లోనే స్థానము లభించినను, పాత సంకేతములతో చేసిన లిపులు అచ్చు దుకాణములను బహుకాలము వదలలేదు. ‘ద’కును ‘ధ’కును అడుగున నొక చిన్న చీలికయే భేదము, అది పూడినచో మాధవి ‘మాదవి’ యగును. కన్నబిడ్డ పేరు తప్పుగా అచ్చుపడిన పత్రికను పసుపు పూసి పంచిపెట్టు తండ్రిని ఏమనవలెను?

మఱి కొందఱు ఈ చిక్కు లేకుండ ఆంగ్లములోనే అచ్చువేయింతురు. వరుని పక్షము తెలుగు, వధువు పక్షము తెలుగు, విందుకు వచ్చు నూర్గురిలో తొంబదిమంది తెలుగు. పత్రిక మాత్రము ఆంగ్లము! అమెరికాలో నున్న మేనమామ కొఱకని సమాధానము చెప్పుదురు. అతనికొక ఆంగ్ల ప్రతి నంపుడు, తప్పులేదు. ఒక మేనమామ కొఱకు ఊరందఱిచేత ఆంగ్లము చదివింప నేల?

ఆ మేనమామ యున్న దేశములో జరుగుచున్నదేమో కూడ చూతము. పాత అచ్చుయంత్రములను వా రచ్చట మరల దుమ్ము దులిపి నిలుపుచున్నారు. 1990 తరువాత ‘మార్తా స్టీవర్ట్ వెడ్డింగ్స్’ వంటి పత్రికలు ఈ అచ్చుపని అందమును లోకమునకు చూపగా, క్లీవ్‌లాండు పట్టణపు చాండ్లర్ అండ్ ప్రైస్ యంత్రములకును, జర్మనుల హైడెల్‌బర్గ్ యంత్రములకును కొత్త గిరాకి పుట్టినది. దూది కాగితముపై అక్షరము లోతుగా దిగబడి వ్రేలికి తగులునట్లు ముద్రించుట అచటి పెండ్లివారి వేడుక. విచిత్రమేమన, పాత పనివారి దృష్టిలో నీ లోతు పెద్ద దోషము. కాగితము వెనుక గంటు కనబడకుండ తాకీ తాకనట్లు పడుటయే వారికి నేర్పు.

ఈ వేడుకనుండి మనము గ్రహింపదగిన దొకటి యున్నది. అచట నిపుడు అధికముగా వాడునది సీసపు టక్షరము గాదు, కాంతి తగిలినచోట గట్టిపడెడి యొక విధమైన ప్లాస్టిక్ పలక. కంప్యూటరులో కూర్చినదానిని ఫిలిముపై తీసి, దాని మీదుగా పలకపై వెలుగు ప్రసరింపజేసి, గట్టిపడని భాగమును నీటితో కడిగివేసిన అక్షరములు ఉబ్బెత్తుగా నిలుచును. దానిని దిమ్మెపై నంటించి పాత ట్రెడిలుమీదనే అచ్చొత్తవచ్చును. అనగా వందల గళ్ల టైపు లేని యూరిలో సైతము, పాత యంత్రమొకటి యున్నచో, తెలుగు శుభలేఖ చక్కగా వేయవచ్చునన్న మాట. ఇక లిపి యందురా? సురవరము ప్రతాపరెడ్డిగారి పేరిట ‘సురవరం’ అను తెలుగు లిపియే 2013లో రూపొందింపబడి యెల్లవారికి నుచితముగా లభించుచున్నది. పాలమూరి మహనీయుని పేరుగల యక్షరములతో పాలమూరి పెండ్లి పత్రిక వెలువడుటకు అడ్డమేమి? అయితే అమెరికా లోతును మాత్రము గుడ్డిగా ననుకరింపరాదు. తెలుగక్షరములు గుండ్రనివి, వత్తుల సందులు సన్ననివి. మెత్తని కాగితముపై బలముగా నొత్తిన సిరా ప్రాకి అవి పూడిపోవును. మనకు తేలిక ముద్రయే శ్రేయము.

అలంకారములకు పరుల గుమ్మము త్రొక్కనక్కఱలేదు. పోచంపల్లి చేనేత చిటికీ గళ్లు, గద్వాల చీర కోటకొమ్మంచు, పానగల్లు ఛాయాసోమేశ్వరాలయపు స్తంభముల చెక్కడము, మహబూబ్‌నగరపు పిల్లలమఱ్ఱి, వీనిలో ఏ యొక్కటి బ్లాకుగా చేయించినను ఇది మన సీమ పెండ్లియని చూచినంతనే తెలియును. 2016లో మన రెండు జిల్లాలు పెక్కు జిల్లాలుగా విడిపోయినవి గాని, ఆ నేతయు నా శిల్పమును మన యుమ్మడి సొత్తుగనే యున్నవి.

ఇది ధనికుల సరదా యని యాక్షేపింతురేమో. మేము ప్రతిపాదించునది దానికి విరుద్ధము. నేడు పట్టుగుడ్డ పొదిగిన పెట్టెలలో, తళుకు కాగితములతో, నాలుగైదు రేకుల కార్డులను పంచి అప్పుల పాలగు కుటుంబములను చూచుచున్నాము. విందు ముగిసిన మఱునాడు అవి చెత్తకుప్ప చేరును. ఒకే రేకు, మంచి కాగితము, రెండు రంగులు, తప్పులేని తెలుగు. ఇంతియే మేము కోరునది. నూఱు ప్రతులు వేయించి పెద్దలకును దగ్గఱ బంధువులకును బొట్టుపెట్టి యిండ్లకు పోయి యిండు. తక్కినవారికి ఫోనులో చిత్రము పంపుడు. ఖర్చు పెరుగదు, పిలుపు మర్యాద నిలుచును.

న్యాయవాద వృత్తిలో నున్న వారమగుటచే ఇంకొక మాట చెప్పవలసియున్నది. శుభలేఖ యొక్కటియే వివాహమును ఋజువు చేయజాలదు. 1955 నాటి హిందూ వివాహ చట్టము 7వ సెక్షను ప్రకారము ఆచారసిద్ధమైన క్రతువు జరిగియుండవలెను. అయినను వివాహపు నమోదు దరఖాస్తుతో శుభలేఖను జతపఱచుట వాడుక. తగవు పుట్టినపుడు అది తోడ్పడు సాక్ష్యము. పత్రికలో నొకపేరు, ఆధారు కార్డులో నొకపేరు నున్న ఆడబిడ్డ ఎన్ని కచ్చేరీల మెట్లెక్కవలసివచ్చునో మే మెఱుగుదుము. కావున నిండు పేరు, ఊరు, తిథితోపాటు తేదీ, సంవత్సరము స్పష్టముగా నుండవలెను. తల్లి పేరు తండ్రి పేరుతో సమానముగా నుండవలెను. కని పెంచిన తల్లిని ‘దంపతులు’ అను మాటలో దాచుట న్యాయము గాదు. అచ్చుకూటముల వారికి నొక హెచ్చరిక: 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టము వధువునకు 18, వరునికి 21 ఏండ్లు నిర్ణయించినది, అట్టి వివాహమునకు తోడ్పడినవారును దండనార్హులు. ఆర్డరు తీసికొనునపుడు వయస్సు అడిగి తెలిసికొనుట మీకును క్షేమము, ఆ బిడ్డకును క్షేమము.

కావున మా విన్నపములు మూడు. గృహస్థులారా! మీ యింటి పత్రిక మాటలను మీరే కూర్చుకొనుడు. ప్రూఫును తెలుగు పండితునకు చూపి, తరువాతనే అచ్చునకు సమ్మతింపుడు. అచ్చుకూటముల యజమానులారా! ట్రెడిలును టైపును తూకమున కమ్ముటకు ముందు ఒక్కమాఱు ఆలోచింపుడు. సీసపు వెల చేతికి వచ్చును గాని, కరగిన యక్షరము తిరిగి రాదు. గ్రంథాలయముల పెద్దలారా! జిల్లా కేంద్రములో నొక టైపు కేసును, నడచు యంత్రము నొకదానిని నిలిపి, వృద్ధులగు కంపోజిటరులు జీవించియుండగనే పదిమంది యువకులకు ఆ పని నేర్పింపుడు. పాత శుభలేఖలను సేకరించి భద్రపఱుపుడు. ఏ గ్రంథమునకు నెక్కని సామాన్యుల పేర్లు, ఊళ్ల పేర్లు, ఆనాటి మాటలు వానిలో నున్నవి.

వచ్చు పెండ్లిండ్ల కాలము దూరములో లేదు. మీ వీధిచివర నింకను సిరా వాసన వచ్చుచున్న అచ్చుకూటమొకటి యున్నచో, అంగడిలోని మెఱుగు కార్డును కొనకమునుపు దాని గడప త్రొక్కి చూడుడు.