న్యూస్‌రూమ్‌లో కులగణన ఎప్పుడు?

తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఇంటింటి కులసర్వే మొదలుపెట్టింది. 2025 ఫిబ్రవరిలో ఫలితాలు ప్రకటించింది. ముస్లిం బీసీలతో కలిపి వెనుకబడిన తరగతులు 56.33 శాతం, షెడ్యూల్డు కులాలు 17.43 శాతం, షెడ్యూల్డు తెగలు 10.45 శాతం అని ఆ లెక్కలు చెప్పాయి. వాటి మీద తెలుగు పత్రికలు, చానళ్లు విస్తృతంగా చర్చించాయి. చట్టసభల్లో ఎవరి వాటా ఎంత, కొలువుల్లో ఎంత, స్థానిక సంస్థల్లో ఎంత అన్న ప్రశ్నలు ముందుకొచ్చాయి. అవి అడగవలసిన ప్రశ్నలే. అయితే వాటిని అడిగే సంస్థల్లో ఏది వార్త, ఏది కాదు అని నిర్ణయించే కుర్చీల్లో ఎవరున్నారన్న ప్రశ్న మాత్రం ఆ చర్చల అంచుల్లోకైనా రాలేదు. సమాజాన్ని లెక్కించమనే మీడియా తనను తాను లెక్కించుకోదు. మీడియా నైతికత గురించి ఏ చర్చ అయినా ఈ మౌనం దగ్గర మొదలుకావాలి.

ప్రశ్న కొత్తది కాదు. 1996 నవంబరులో బి.ఎన్. ఉనియాల్ ‘పయనీర్’ పత్రికలో ఒక వ్యాసం రాశారు. ఒక దళిత పాత్రికేయుడిని చూపించమని ఓ విదేశీ విలేకరి అడిగితే ఆయన ఢిల్లీలో వెతకడం మొదలుపెట్టారు. కేంద్ర ప్రభుత్వ గుర్తింపు పొందిన 686 మంది పాత్రికేయుల జాబితా తిరగేసినా ఒక్కరూ దొరకలేదు. పదేళ్ల తరువాత, 2006లో, అనిల్ చమడియా, జితేంద్ర కుమార్, యోగేంద్ర యాదవ్ ఢిల్లీలోని 37 హిందీ, ఆంగ్ల మీడియా సంస్థల్లో నిర్ణయాధికారం ఉన్న 315 మందిని సర్వే చేశారు. అందులో 71 శాతం అగ్రకుల హిందూ పురుషులే. దళితులు, ఆదివాసులు ఒక్కరూ లేరు. 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి జరిపిన అధ్యయనం 121 నాయకత్వ స్థానాలను పరిశీలించగా 106 అగ్రకులాల చేతిలోనే ఉన్నాయని తేలింది. ఇరవై మూడేళ్లలో మూడు ప్రయత్నాలు, మూడింటిలోనూ దాదాపు ఒకే సమాధానం. ఈ మూడూ కొందరి చొరవతో జరిగాయి తప్ప, మీడియా సంస్థలు సాధారణంగా తమ లెక్క తాముగా ప్రజల ముందు పెట్టలేదు.

ఇది ఉద్యోగాల పంపకానికి మాత్రమే సంబంధించిన విషయమనుకుంటే పొరపాటు. ఎవరు రాస్తారన్నదాన్ని బట్టి ఏం రాస్తారన్నది మారుతుంది. పల్లెలో దళితవాడ మీద దాడి జరిగితే అది మరునాటికి ‘ఇరువర్గాల మధ్య ఘర్షణ’ అవుతుంది. కొట్టినవాడూ దెబ్బలు తిన్నవాడూ ఒకే వాక్యంలో సమానులవుతారు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న దళిత యువకుడిని నడివీధిలో నరికి చంపితే దానికి ‘పరువు హత్య’ అన్న పేరు సులువుగా అతుక్కుపోయింది. ఎవరి పరువు? హంతకుడు చెప్పుకునే కారణాన్నే శీర్షికగా పెట్టడం నిష్పాక్షికత ఎలా అవుతుంది? దాన్ని కుల దురహంకార హత్య అనాలని దళిత, ప్రజాసంఘాలు పట్టుబట్టవలసి వచ్చింది. వార్తా సమావేశంలో ఆ మాట అనగలవారు ఉంటే వీధిలో పట్టుబట్టవలసిన అవసరం ఉండదు.

అంబేడ్కర్ 1920 జనవరి 31న ‘మూక్‌నాయక్’ ప్రారంభించినప్పుడు, డబ్బు చెల్లిస్తామన్నా దాని ప్రకటన వేయడానికి ‘కేసరి’ నిరాకరించింది. నోరులేనివారి పత్రిక పుట్టిందన్న సమాచారం కూడా పాఠకుడికి చేరకుండా ఆపగల అధికారం అది. కారంచేడు తరువాతి తెలుగునేల మీద ‘నలుపు’ వంటి పత్రికలు అవసరమయ్యాయంటే కారణం కూడా అదే. తమ మాట తమ మాటగా అచ్చయ్యే చోటు ప్రధాన స్రవంతిలో లేకపోవడమే ప్రత్యామ్నాయ పత్రికలకు జన్మనిచ్చింది.

పారదర్శకత మన పత్రికలకు అపరిచితం కాదు. 1956 నాటి నిబంధనల ప్రకారం ఏటా ఫిబ్రవరి ముగిశాక వచ్చే తొలి సంచికలో యజమాని, ముద్రాపకుడు, సంపాదకుడు, ఒక శాతానికి మించిన వాటాదారుల పేర్లు ప్రకటించే ఆనవాయితీ దశాబ్దాలపాటు నడిచింది. చిన్న అక్షరాల్లో, ఎవరూ చదవని మూలలో అయినా సరే, పాఠకుడికి తెలుసుకునే హక్కు ఉందన్న సూత్రాన్ని అది అంగీకరించింది. ఆ సూత్రాన్ని పెట్టుబడి దగ్గర ఆపకుండా సంపాదకవర్గం దాకా తీసుకువెళ్లాలన్నదే ఇక్కడి వాదన.

జవాబుదారీతనం విషయంలో అనుభవం చేదుగా ఉంది. 2009 ఎన్నికల్లో డబ్బు తీసుకుని వార్తలు రాసిన వైనంపై ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘంలో పరంజయ్ గుహా ఠాకుర్తా, కె. శ్రీనివాసరెడ్డి సవివరమైన నివేదిక రాశారు. 2010లో కౌన్సిల్ దానిని పేర్లు లేని సంక్షిప్త రూపానికి కుదించింది. పూర్తి నివేదిక బయటపెట్టమని 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించవలసి వచ్చింది. అందరి రహస్యాలూ బయటపెట్టే వృత్తి తన రహస్యాన్ని దాచుకోవాలనుకుంది. 1978 చట్టం కౌన్సిల్‌కు ఇచ్చినదల్లా హెచ్చరించే, మందలించే, అభిశంసించే అధికారమే.

అలాగని బెత్తం ప్రభుత్వం చేతికి ఇవ్వలేం. తప్పుడు వార్తలపై చర్యలు తీసుకునే అధికారం శాఖల కార్యదర్శులకు అప్పగిస్తూ 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన 2430 ఉత్తర్వును పాత్రికేయ సంఘాలు వ్యతిరేకించడం న్యాయమే. మీడియా జవాబు చెప్పవలసింది పాలకులకు కాదు, పాఠకులకు. పాఠకులకు చెప్పనప్పుడే పాలకులకు సాకు దొరుకుతుంది.

పాత్రికేయుడికి కులం ఉండదనే వాదన తరచూ వినిపిస్తుంది. అగ్రకులాల్లో పుట్టి దళితుల పక్షాన నిజాయితీగా రాసినవారు ఉన్నారు. వారిని ఎవరూ కాదనరు. కానీ వ్యక్తుల మంచితనం మీద ఆధారపడే న్యాయం వ్యవస్థ కాలేదు. కులం నిజంగా లేకపోతే లెక్కించడానికి భయమెందుకు? ఇక ప్రతిభ మాటకొస్తే, ప్రతిభ కొన్ని కులాల్లోనే పుడుతుందని నమ్మితే తప్ప పై గణాంకాలకు ఆ పదం జవాబు కాదు. కులం చెప్పమనడం వ్యక్తిగత గోప్యతకు భంగమన్న అభ్యంతరం పరిశీలించదగినదే. అందుకు పేర్లు అక్కరలేదు. స్వచ్ఛందంగా ఇచ్చిన వివరాల మొత్తం అంకెలు చాలు. అమెరికాలో సంపాదకుల సంఘం 1978 నుంచి న్యూస్‌రూమ్‌లలో జాతిపరమైన లెక్కలు తీసింది. 2000 నాటికి చేరాలనుకున్న లక్ష్యం చేరలేకపోయింది. అయితే ఓడిపోయామని చెప్పడానికైనా వారి దగ్గర ఒక అంకె ఉంది. మన దగ్గర అదీ లేదు.

చేయవలసినవి అసాధ్యమేమీ కావు. ప్రతి దినపత్రిక, చానల్ ఏటా ఒకసారి తన సంపాదకవర్గ సామాజిక కూర్పును ప్రకటించాలి. డెస్కును, జిల్లా బాధ్యులను, మండల విలేకరులను విడివిడిగా చూపాలి. అప్పుడే సరైన జీతం లేని కింది మెట్టు మీద ఎవరున్నారో, పై మెట్టు మీద ఎవరున్నారో తెలుస్తుంది. తప్పు ఏ పుటలో వస్తే సవరణ ఆ పుటలోనే రావాలి. యజమానికి ఇతర వ్యాపారాలో, రాజకీయ ప్రయోజనాలో ఉన్న అంశంపై రాసేటప్పుడు ఆ సంగతి అదే వార్తలో చెప్పాలి. ‘ది హిందూ’ 2006లో నియమించినట్టు, పాఠకుల ఫిర్యాదులు వినే స్వతంత్ర సంపాదకుడు తెలుగు పత్రికలకూ కావాలి.

విశ్వసనీయత మాస్టుహెడ్ కింద అచ్చువేసుకునే నినాదం కాదు. వార్త చదివిన చివరి వాడలోని మనిషి ఇందులో నేనూ ఉన్నాను, నా వైపు మాట కూడా ఎవరో అడిగారు అనుకున్నప్పుడు పుట్టేది. కేంద్రం కూడా జనగణనలో కులాన్ని చేరుస్తామని 2025 ఏప్రిల్‌లో ప్రకటించింది. రేపు గణకుడు దేశంలోని ప్రతి గడపా తొక్కుతాడు. అంతకుముందే తమ గడప లోపలి లెక్క తామే చెప్పిన పత్రికకు, ఇతరుల లెక్క అడిగే నైతిక హక్కు మిగులుతుంది.